సున్నా చెప్పే పెట్టె

"ఆ చెక్ తీసెయ్ అన్నా," అన్నాడు మోహన్‌కృష్ణ.

"తియ్యను."

"నేను చెప్తాండా."

"విన్నాలే. తియ్యను."

మోహన్‌కృష్ణ మా యజమాని. మార్కాపురం బస్టాండు వెనక వీధిలో అతని దుకాణం. బోరు మోటారును ఫోన్ నుంచి నడిపే స్టార్టరు పెట్టెలు అమ్ముతాడు. పెట్టెలో ఒక సిమ్ ఉంటుంది. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్‌లో నొక్కితే పొలంలో మోటారు తిరుగుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. మధ్యలో పనిచేసే ప్రోగ్రామ్ జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలో రాసేది ఇద్దరం, నేనూ స్వర్ణలతా. ఆమె ఇంజనీరింగ్ చదివింది. నేను అర్ధవీడులో పదో తరగతి వరకు, తెలుగులోనే చదివాను. తర్వాత ఇరవై రెండేళ్ళు కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టాను. నా పేరు గురుస్వామి.

గొడవంతా ఆ చెక్ గురించే కాబట్టి అదేమిటో చెబుతాను.

పెట్టెలు చేసేవాళ్ళు చాలామంది. ఒక్కొక్కరి పెట్టెకు ఒక్కో తీరు. అందుకని ఒక్కో రకం పెట్టెకు మా ప్రోగ్రామ్‌లో ఒక్కో క్లాస్ రాస్తాం, అంటే ఆ పెట్టె చేసే పనులన్నీ ఒకచోట రాసిన ముక్క. ఎవరి పెట్టె అయినా మూడు పనులు చేయగలిగి ఉండాలని నేను నియమం పెట్టాను. నడుపు, ఆపు, చూడు. మొదటి రెండూ అందరికీ తెలిసినవే. మూడోది, మోటారు తీగలో ఇప్పుడు ఎంత కరెంటు పోతోందో కొలిచి చెప్పడం. సున్నా అని చెబితే మోటారు నిజంగా ఆగినట్టు. ఆగమని చెప్పినంత మాత్రాన మోటారు ఆగిందని ఎవరూ అనుకోకూడదు.

పేర్లు కూడా తెలుగులోనే పెట్టాను. జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటుంది. స్వర్ణలత మొదట చూసి నవ్వింది.

"బయటోళ్ళు ఎవురన్నా చూస్తే నవ్వుతారు చిన్నాయనా."

"నవ్వనీ. అర్థమై నవ్వుతారు గదా."

కొన్ని భాషల్లో ఇలాంటి నియమానికి ఇంటర్‌ఫేస్ అని ఒక ఏర్పాటు ఉంది. చెప్పిన పనులన్నీ లేని క్లాస్‌ను ఆ భాషే గడప దాటనివ్వదు. జావాస్క్రిప్ట్‌లో అది లేదు. ఒక క్లాస్‌లో చూడు లేకపోయినా అది ఏమీ అనదు. ఎప్పుడో ఎవరో ఫోన్ నొక్కి, ప్రోగ్రామ్ ఆ చూడును పిలిచినప్పుడు కుప్పకూలుతుంది. అలా కూలకుండా ఉండాలని కొందరు, మిగతా క్లాసులన్నిటికీ మూలమైన తల్లి క్లాస్‌లో ముందే ఒక ఉత్తుత్తి చూడు రాసి పెడతారు. ఎప్పుడు అడిగినా సున్నా అంటుంది. పిల్ల క్లాస్ రాసేవాడు తనది రాయడం మరిచిపోతే తల్లిదే పనిచేస్తుంది. ఇక కూలడం కూడా ఉండదు. తప్పు జరుగుతున్నట్టు ఎవరికీ తెలియదు.

నేను తల్లి క్లాస్‌లో ఉత్తుత్తివేవీ పెట్టలేదు. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడే ప్రతి క్లాస్‌నూ నిలబెట్టి, మూడూ ఉన్నాయా అని అడిగే చెక్ రాశాను. ఒక్కటి లేకపోయినా ప్రోగ్రామ్ లేవదు. ఎర్ర అక్షరాలు వస్తాయి.

ఆ గురువారం వచ్చిన ఎర్ర అక్షరాలు ఇవి. "జయపాల్ పెట్టెలో చూడు లేదు. ఎక్కించను."

జయపాల్‌ది పొదిలి. సొంతంగా పెట్టెలు బిగించి తక్కువ రేటుకు ఇస్తాడు. కరెంటు కొలవాలంటే లోపల ఒక కాయిల్ ఉండాలి. అతను వేయలేదు. ఎందుకు వేయలేదని ఫోన్ చేసి అడిగాను.

"అడిగినోళ్ళు లేరు గురుస్వామీ. నడుపుద్ది, ఆపుద్ది. రైతుకు ఇంకేం గావాల?" అన్నాడు. దాపరికం లేని మనిషి.

కొమరోలు మండలంలో ఒక ఊరివాళ్ళు అరవై పెట్టెలు కావాలన్నారు. సోమవారం ఒకటి బిగించి చూపించాలి. నచ్చితే మిగతావి. మోహన్‌కృష్ణ అటు జయపాల్‌కూ ఇటు రైతులకూ మాట ఇచ్చేశాడు. నా చెక్ అడ్డం పడింది.

"రెండు పన్లు చేస్తాంది గదన్నా," అన్నాడు. "మూడోది వచ్చే నెల ఏసుకుందాం."

"పెట్టె గూడా వచ్చే నెలే ఎక్కిద్దాం."

"నీకు మొండితనం తప్ప ఇంకేం లేదు."

"ఉంది. చెక్ ఉంది."

అతను తలుపు గట్టిగా వేసుకుని పోయాడు.

శుక్రవారం పొద్దున నేను వచ్చేసరికి ఎర్ర అక్షరాలు లేవు. ప్రోగ్రామ్ హాయిగా నడుస్తోంది. నా చెక్ తెరిచి చూశాను, ఎవరూ ముట్టుకోలేదు. జయపాల్ పెట్టె క్లాస్ తెరిచాను. అందులో చూడు ఉంది. లోపల ఒకటే లైన్. సున్నా చెప్పి వెనక్కి వచ్చేయమని.

"ఎవురు రాసినారు పాపా ఇది?"

స్వర్ణలత తల ఎత్తలేదు. "మోహన్ సార్ రాయమన్యాడు. నీ చెక్ జోలికి పోలేదు చిన్నాయనా. మూడు ఉండాలంటివి. మూడు ఉండాయి."

ఆమె చెప్పింది నిజమే. నా చెక్ పేరు ఉందా అని మాత్రమే అడుగుతుంది. ఆ పేరు కింద ఏముందో అడగదు. అలా రాసింది నేనే.

కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. నా భార్య శ్రీశైలమ్మ ఆరేళ్ళ కిందట చనిపోయిందని ఆమెకు తెలుసు. ఎలా చనిపోయిందో ఈ దుకాణంలో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను.

మాకు అర్ధవీడు దగ్గర మూడెకరాల కంది చేను, ఒక బోరు ఉండేవి. ఎండాకాలం ఓల్టేజీ తగ్గితే స్టార్టరు పట్టు వదిలేస్తుంది, మోటారు ఆగిపోతుంది. అది వదలకుండా మా వైపు అందరూ ఒక పని చేస్తారు. స్టార్టరు లోపల కందిపుల్ల ఇరికిస్తారు. పుల్ల ఉన్నంతసేపూ మోటారు ఆగదు. నేను మోటారు మెకానిక్‌ని, అది తప్పని తెలిసినవాణ్ణి. నేనూ ఇరికించాను. ఇరికించి మార్కాపురంలో పనికి వచ్చాను.

మరునాడు మధ్యాహ్నం శ్రీశైలమ్మ ఫోన్ చేసింది. పైపులో నీళ్ళు రావడం లేదంది. బోరు కేసింగు గొట్టం దగ్గర తీగ అతుకు కాలినట్టు వాసన వస్తోందంది. మాకు అప్పటికే ఫోన్ పెట్టె ఉంది, ఎక్కడో దూరపు పట్నం కంపెనీది. నేను ఇక్కడినుంచి ఆపు నొక్కాను. ఆగింది అని వచ్చింది. పుల్ల సంగతి నాకు గుర్తు లేదు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. మోటారు తీగలు ముట్టుకునే ముందు మూడు ఫ్యూజులూ పీకి కొంగున ముడి వేసుకునేది. ముడి ఆమె దగ్గర ఉంటే ఇంకెవరూ వచ్చి ఫ్యూజులు పెట్టలేరు. ఆ రోజు ఎండ ఎక్కువగా ఉంది, ఫ్యూజుల డబ్బా చేనుకు అవతలి గట్టున ఉంది.

"ఫ్యూజులు పీకాలంటావా?" అని అడిగింది.

"అక్కర్లేదు, ఫోన్‌లో ఆగింది. అతుకు విప్పు," అన్నాను.

స్వర్ణలత చేతులు కీబోర్డు మీదినుంచి తీసేసింది.

ఆ కంపెనీ నాకు రెండు వాక్యాల ఉత్తరం పంపింది. తమ ప్రోగ్రామ్ రాసినట్టే పనిచేసింది అని. అది అబద్ధం కాదు. ఫోన్‌లో ఆపు నొక్కే పేజీ లోపలి జావాస్క్రిప్ట్‌ను ఎవరైనా తెరిచి చూడవచ్చు, దాచడానికి ఏమీ ఉండదు. చదవడం రావాలి అంతే. అప్పటికి నాకు రాదు. నేర్చుకున్నాను. రెండేళ్ళు పట్టింది. అప్పుడు కనిపించాయి నాలుగు లైన్లు. ఒక తల్లి క్లాస్, దానిలో కరెంటు ఎంత అని అడిగే పని, లోపల సున్నా. మా చేలో ఉన్న రకం పెట్టెకు సొంతది రాయడం ఎవరో మరిచిపోయారు.

"ఆ సున్నా రాసినోడు చెడ్డోడై ఉండడు పాపా," అన్నాను. "సోమవారం ఎవురికో చూపించాల్సి ఉండి ఉంటాది. అయినా వాణ్ణి నేను క్షమించను. పుల్ల పెట్టినోణ్ణి గూడా క్షమించను."

ఆమె జయపాల్ పెట్టె క్లాస్ మళ్ళీ తెరిచింది. తర్వాత, "ఆ లైన్ తీసేస్తాలే చిన్నాయనా," అంది.

"ఉండనీ. దాన్ని పట్టుకునేది రాద్దాం."

"ఎట్ల పట్టుకుంటావు? ఆగిన మోటారు కూడా సున్నానే గదా. అది నిజం చెప్తాందో అబద్ధం చెప్తాందో ఎట్ల తెలుస్తాది?"

పెళ్ళికి ముందు శ్రీశైలమ్మ మార్కాపురంలో పలకల షెడ్డులో పనిచేసింది. కోసిన పలకలు కట్ట కట్టే ముందు ఒక్కొక్కటీ ఎడమ చేత్తో వేలాడదీసి వేలి కణుపుతో కొట్టేది. గట్టి పలక ఖంగుమంటుంది. లోపల పగులు ఉన్నది మొద్దుగా మోగుతుంది. చూపుకు రెండూ ఒకటే. పెళ్ళయిన కొత్తలో ఇంటికి తెచ్చిన కుండలు, పళ్ళేలు అన్నీ అలాగే కొట్టేది, నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"కొట్టి చూద్దాం," అన్నాను. "మోటారు ఆపి అడగొద్దు. నడిపి అడుగుదాం. తిరిగేటప్పుడు గూడా సున్నా అన్నిందంటే దొంగ."

స్వర్ణలత నా వైపు చూసి, "చిన్నాయనా, ఇంత చిన్నదా," అంది.

సాయంత్రానికి రాశాం. కొత్త పెట్టె బిగించగానే, రైతు ఫోన్‌కు దాన్ని అప్పజెప్పక ముందే, చెక్ తానే మోటారును నడుపుతుంది. పది సెకన్లు ఆగి చూడును అడుగుతుంది. సున్నా అంటే అక్కడే ఆపేస్తుంది. ఇంకేదైనా అంకె చెబితే మోటారును ఆపి మళ్ళీ అడుగుతుంది. ఇప్పుడు సున్నా కావాలి. దుకాణంలో బల్ల మీది చిన్న మోటారుకు జయపాల్ పెట్టె తగిలించాం. మోటారు గిర్రున తిరిగింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. "తిరుగుతుంటే సున్నా అంటోంది. ఎక్కించను."

ఆ అక్షరాలు మోహన్‌కృష్ణకు చూపించాను. అతను చూశాడు, ఏమీ అనలేదు. అనకపోతే ఒప్పుకున్నట్టు అనుకున్నాను. అది నా పొరపాటు.

సోమవారం కొమరోలు పోయే జీపులో స్వర్ణలత నా చెవి దగ్గర చెప్పింది. జావాస్క్రిప్ట్‌లో ఒక లైన్ ముందు రెండు ఏటవాలు గీతలు పెడితే ఆ లైన్ ఉన్నా లేనట్టే. ఆదివారం దుకాణం మూసి ఉన్నప్పుడు మోహన్‌కృష్ణ తానే వచ్చి, నా చెక్‌ను పిలిచే లైన్ ముందు రెండు గీతలు పెట్టాడు. ముందు సీట్లో జయపాల్‌తో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నేను గిద్దలూరు దాటేవరకు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. టూల్ సంచిలో టాంగ్ టెస్టర్ ఉందో లేదో తడిమి చూసుకున్నాను. తీగ చుట్టూ కొక్కెంలాగా తగిలిస్తే దానిలో ఎంత కరెంటు పోతోందో చెప్పే మీటరు అది. ఉంది.

బోరు పుష్పమ్మ అనే ఆమెది. యాభై ఐదేళ్ళు ఉంటాయి, ఒంటరిగా సేద్యం చేసుకుంటుంది. ఊరివాళ్ళు ఇరవై మంది దాకా వచ్చారు. జయపాల్ పెట్టె బిగించాడు. మోహన్‌కృష్ణ ఫోన్ పైకెత్తి అందరికీ కనపడేలా నొక్కాడు. కింది చేలో ఉన్న పైపు దగ్గరినుంచి ఒకతను, "పడ్తాండాయి నీళ్ళు!" అని అరిచాడు. మళ్ళీ నొక్కాడు. "ఆగినాయి!" అని వినిపించింది.

"ఫోన్‌లోనా? నేను మా చెల్లెలింటికి పోయినా అక్కణ్ణించి ఆపొచ్చా?" అని అడిగింది పుష్పమ్మ.

"అమెరికాకు పో అక్కా, అక్కణ్ణించైనా ఆపొచ్చు."

"ఆడికెందుకులే, నాకు ఒంగోలే దూరం," అంది. అందరూ నవ్వారు. ఆమె పెట్టె దగ్గరికి వచ్చి తలుపు తట్టి చూసింది. "అయితే ఇంక తీగలు ముట్టుకునేటప్పుడు ఫ్యూజులు పీకే పనిలేదంటావు?"

"ఏం పనిలేదక్కా. ఫోన్ ఆగిందంటే ఆగినట్టే," అన్నాడు మోహన్‌కృష్ణ.

నేను ముందుకు వచ్చాను. పక్కన కందికట్టె వామి ఉంది. ఒక పుల్ల విరిచాను.

"అక్కా, ఓల్టేజీ తగ్గినప్పుడు మీ ఊళ్ళో ఏం చేస్తారు?"

ఒక ముసలాయన పకపకా నవ్వాడు. "అది నీకు జెప్పాల్నా? నీ చేతిలో ఉండేదే చేస్తాం."

"అన్నా, వద్దు," అన్నాడు మోహన్‌కృష్ణ.

"మోటారు నడుపు."

"గురుస్వామన్నా."

"ఇంతమంది చూస్తాండారు. నడుపు."

నడిపాడు. నేను స్టార్టరు మూత తీసి పుల్ల ఇరికించాను. "ఇప్పుడు ఆపు." నొక్కాడు. ఫోన్‌లో ఆగింది అని వచ్చింది. అతని చేతిలోని ఫోన్ తీసుకుని పుష్పమ్మకు చూపించాను. ఆమె తలాడించింది. టాంగ్ టెస్టర్ తీసి మోటారు తీగకు తగిలించాను. తొమ్మిది ఆంపియర్లు. అదీ ఆమెకు చూపించాను.

కింది చేలోంచి కేక వినపడింది. "ఆపలేదేందిరా, పడ్తనే ఉండాయి!"

ఎవరూ నవ్వలేదు.

"పుల్ల పెడితే ఏ పెట్టయినా అంతే గదయ్యా!" అన్నాడు జయపాల్.

"అంతే. ఏ పెట్టే ఆపలేదు. చూడు ఉండే పెట్టె ఆగలేదని చెప్తాది. నీది ఆగిందని చెప్తాది."

"నీళ్ళు పడ్తాంటే ఎవురన్నా తీగలు ముట్టుకుంటారా?" అన్నాడు మోహన్‌కృష్ణ.

"బోరు ఎండితే నీళ్ళు యాడ పడ్తాయి? అప్పుడు గదా ముట్టుకునేది." సంచిలోని రబ్బరు తొడుగులు వేసుకుని, మోటారు తీగ అతుకు మీది టేపు విప్పి రాగి బయటపెట్టి పక్కకు జరిగాను. "ఫోన్ ఆగిందంటే ఆగినట్టే అంటివి. చెయ్యి పెట్టు మోహనా."

అతను కదల్లేదు.

"పెట్టు. ఫ్యూజులు పీకే పనిలేదంటివి."

అతను తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. తెలిసి పెట్టుకోలేదు, చేతులే పోయాయి. ఊరంతా చూసింది.

పుష్పమ్మ ఫ్యూజుల డబ్బా దగ్గరికి పోయి మూడు ఫ్యూజులూ తానే పీకింది. "మీ పెట్టె ఊడబెరుక్కోని పోండి," అంది. నావైపు తిరిగింది. "నువ్వు వీళ్ళ మనిషివేనా తమ్ముడా?"

"ఈ పొద్దుటి దాకా."

"ఇప్పట్నించి కాదు," అన్నాడు మోహన్‌కృష్ణ.

పుల్ల తీసి విరిచి పారేశాను. అతుకుకు టేపు చుట్టి, రోడ్డు మీదికి నడిచి గిద్దలూరు బస్సు ఎక్కాను.

పదకొండు రోజులు ఇంట్లో ఉన్నాను. పన్నెండో రోజు మోహన్‌కృష్ణ ఫోన్ చేశాడు.

"జయపాల్ కాయిల్ ఏసినాడు. కొమరోలోళ్ళు నీ చెక్ దాటిన పెట్టెలే కావాలంటాండారు. రా అన్నా."

"గీతలు?"

"ఆ పిల్ల తీసేసింది. మళ్ళీ పెడితే తాను గూడా పోతానంటాంది."

"ఈసారి గీతలు పెట్టేదానికి లేకుండా రాస్తా. రైతు ఫోన్‌కు పెట్టెను అందిచ్చేదే ఆ చెక్. దాన్ని మూస్తే ఒక్క పెట్టె గూడా పనిచెయ్యదు. ఒప్పుకుంటే వస్తా."

"నీకు క్షమాగుణం లేదన్నా."

"లేదు."

"సరే రా."

పోయాను, అలాగే రాశాను. ఇప్పుడు ఆ ఊళ్ళో నలభై ఒక్క పెట్టెలు ఉన్నాయి. అరవైలో పంతొమ్మిది చెక్ దాటలేదు, జయపాల్ తిట్టుకుంటూ తీసుకుపోయాడు. మోహన్‌కృష్ణ నాతో పని మాటలు తప్ప మాట్లాడడు. నాకూ అవి చాలు.

మొన్న మధ్యాహ్నం పుష్పమ్మ ఫోన్ చేసింది. నీళ్ళు తగ్గాయి, అతుకు చూడాలంది.

"ఆపు నొక్కినా తమ్ముడా. ఆగింది అన్యాది. నీ చూడు గూడా సున్నా అంటాంది. ఈపొద్దు ఎండ మండిపోతాంది. ఫ్యూజులు పీకాలంటావా?"

నా చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను.

"పీకు."

"అదేందబ్బా, నీ పెట్టె మీద నీకే నమ్మకం లేదా?"

"పీకు అక్కా. పీకి కొంగున ముడి ఏసుకో. ముడి ఏసినాక చెప్పు, నేను ఫోన్ పెట్టను."

ఆమె విసుక్కుంటూ నడిచింది. గాలి, చెప్పుల చప్పుడు వినిపించాయి. డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. ఒకటి, రెండు, మూడు.

"ఏసినా," అంది.

"ఇప్పుడు ముట్టుకో," అన్నాను.